పెద్ద ప్రాజెక్టులు, స్థానిక ప్రజలు, జాతుల మధ్య గొడవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద ప్రాజెక్టు వచ్చిన ప్రతిచోటా జాతుల మధ్య గొడవలు తప్పవా?

తప్పవని కాదు. ఆనకట్టలు, రైలు మార్గాలు, ఓడరేవులు, పైపులైన్లు ప్రపంచమంతా వేల సంఖ్యలో కట్టారు. చాలా చోట్ల ఊళ్లు ఖాళీ అయ్యాయి, జనం నష్టపోయారు. అయినా జాతుల మధ్య వైరం మాత్రం రాలేదు. ఎక్కడ వచ్చిందో ఆ చోట్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నష్టపోయినవాళ్లంతా ఒక జాతివాళ్లు, బాగుపడినవాళ్లంతా మరో జాతివాళ్లు అయినప్పుడే పరిస్థితి చేయి దాటుతుంది. అప్పుడు పరిహారం తగాదా కాస్తా "మన నేల, వాళ్ల ప్రాజెక్టు" అన్న మాటగా మారుతుంది. ఒకసారి ఆ మాట పుట్టాక దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

అందుకే ఏ ప్రాజెక్టు గురించైనా ముందుగా అడగాల్సింది ఎన్ని మెగావాట్లు, ఎన్ని ఎకరాలు అని కాదు. పోగొట్టుకునేది ఎవరు, పొందేది ఎవరు, ఆ రెండు జాబితాల్లో ఒకే మనుషులున్నారా అని.

అసలు గొడవ ఎక్కడ మొదలవుతుంది? నీళ్లు నిండినప్పుడా, ఇళ్లు కూల్చినప్పుడా?

చాలా ముందే. నా ఉద్దేశంలో సర్వే రిజిస్టరు తెరిచిన రోజునే మొదలవుతుంది.

ఆ రిజిస్టరులో గడులుంటాయి: కుటుంబ పెద్ద పేరు, భూమి విస్తీర్ణం, పట్టా నంబరు, ఇల్లు పక్కాదా కచ్చాదా, చెట్లు ఎన్ని. సర్వే చేసే మనిషి ఊళ్లోకి వచ్చి ఒక్కో గడి నింపుకుంటూ పోతాడు. పట్టా ఉన్న రైతు కాగితం చూపిస్తాడు, అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. తర్వాతి ఇంట్లో నాలుగు తరాలుగా కొండవాలులో పోడు చేసుకుంటున్న మనిషి ఉంటాడు. కాగితం ఉండదు. "పట్టా నంబరు" గడిలో ఒక గీత పడుతుంది. పెళ్లయిన ముగ్గురు కొడుకులు ఒకే ఇంట్లో ఉంటే అది ఒక కుటుంబమా, నాలుగు కుటుంబాలా? వితంతువు పేరు ఎవరి కింద రాయాలి? పశువులను తోలుకుని ఎండాకాలం పచ్చిక కోసం వెళ్లిన కాపరి సర్వే రోజున ఊళ్లోనే ఉండడు. వానలు పడ్డాక తిరిగొచ్చేసరికి కటాఫ్ తేదీ దాటిపోతుంది, అతను అక్కడ ఉన్నట్టే లెక్కలో ఉండదు.

ఇప్పుడు ఈ పట్టా ఉన్న రైతు ఒక జాతివాడు, పోడు చేసేవాడు ఇంకో జాతివాడు, కాపరి మరో జాతివాడు అనుకోండి. చాలా ప్రాంతాల్లో నిజంగా అంతే. మైదానపు జాతి దగ్గర కాగితాలుంటాయి, కొండ జాతి దగ్గర జ్ఞాపకాలుంటాయి. సర్వే చేసినవాడికి ఏ పక్షపాతమూ లేకపోవచ్చు. అయినా జాబితా బయటికి వచ్చేసరికి ఒక జాతి మొత్తం పరిహారం తీసుకునేవాళ్లుగా, ఇంకో జాతి మొత్తం ఆక్రమణదారులుగా తేలుతుంది. నిన్నటిదాకా ఒకే బావి నీళ్లు తాగినవాళ్లు ఆ రోజు నుంచి ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు.

భూమికి డబ్బు ఇచ్చేశాక ఇంకా సమస్య ఏముంటుంది?

డబ్బు భూమికి ఇస్తారు. పోయేది భూమి ఒక్కటే కాదు.

ప్రపంచ బ్యాంకులో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త మైకేల్ చెర్నియా నిర్వాసితులు ఏయే రకాలుగా పేదలవుతారో ఎనిమిది ముప్పులుగా చెప్పారు. భూమి పోవడం, పని పోవడం, ఇల్లు పోవడం, సమాజంలో పక్కకు నెట్టబడటం, తిండికి కరువు, జబ్బులూ మరణాలూ పెరగడం, ఉమ్మడి వనరులు అందకుండా పోవడం, సమాజం చెదిరిపోవడం. ఇందులో మొదటి మూడింటికి మాత్రమే ఏదో ఒక లెక్క కడతారు. అడవి నుంచి వచ్చే కట్టెలు, పచ్చిక, ఏటిలో చేపలు, పూర్వీకుల సమాధులు, అవసరానికి అప్పిచ్చే పక్కింటివాళ్లు, వీటికి గడి ఉండదు.

ఆఫ్రికాలో ఇప్పటి జాంబియా, జింబాబ్వేల సరిహద్దులో జాంబేజీ నది మీద 1950ల్లో కట్టిన కరీబా ఆనకట్ట కోసం గ్వెంబే లోయలోని టోంగా ప్రజలను దాదాపు 57,000 మందిని కదిలించారు. నదికి రెండు వైపులా ఉన్నవాళ్లు చుట్టాలు. మధ్యలో మహా జలాశయం రావడంతో అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే అయిపోయారు. అక్కడ పుట్టిన కరెంటు గనులకు, నగరాలకు వెళ్లింది. ఖాళీ చేసి వెళ్లిన పల్లెల్లో చాలావాటికి దశాబ్దాల పాటు వెలుగే లేదు. తీగలు నెత్తి మీదుగా వెళ్తుంటే కింద కిరోసిన్ దీపంతో బతికిన మనిషికి "దేశాభివృద్ధి" అన్న మాట ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

ఒక్క ఆనకట్ట నిజంగా అంత దూరం తీసుకెళ్తుందా? ఒక ఉదాహరణ చెప్పండి.

కాప్తాయ్. ఈ విషయం మీద ఒక్క కథే చదవగలిగితే ఇదే చదవమంటాను.

ఇప్పటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ కొండ ప్రాంతంలో కర్ణఫూలి నది మీద, అది తూర్పు పాకిస్తాన్‌గా ఉన్న రోజుల్లో, అమెరికా ఆర్థిక సాయంతో ఈ ఆనకట్ట కట్టారు. 1962లో పూర్తయింది. దాదాపు 54,000 ఎకరాల సాగుభూమి మునిగింది. ఆ కొండ ప్రాంతం మొత్తం మీద ఉన్న మంచి సాగుభూమిలో అది దాదాపు 40 శాతం. సుమారు లక్ష మంది నిర్వాసితులయ్యారు, వాళ్లలో ఎక్కువమంది అక్కడి కొండ జాతుల్లో ఒకటైన చక్మాలు. పాత రాంగమాటి పట్టణం, చక్మా రాజు భవనం కూడా నీళ్లలోకి పోయాయి. పోడు చేసుకునేవాళ్లకు కాగితాలు లేవు కాబట్టి వాళ్ల నష్టం సరిగా లెక్కలోకే రాలేదు.

అక్కడితో ఆగలేదు. వేలమంది సరిహద్దు దాటి భారతదేశానికి వచ్చారు. 1964 నుంచి చక్మా కుటుంబాలను ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో స్థిరపరిచారు. అక్కడి స్థానిక తెగలకు తమ నేల మీదికి వేరేవాళ్లను తెచ్చి పెట్టారన్న బాధ మొదలైంది. తర్వాత వాళ్లను పంపేయాలని ఉద్యమాలు నడిచాయి. 1996లో సుప్రీంకోర్టు వాళ్ల ప్రాణాలకు రక్షణ కల్పించాలని ఆదేశించింది. పౌరసత్వం గురించి 2015లో మళ్లీ ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది.

ఇక ఉండిపోయినవాళ్ల సంగతి. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక 1979 నుంచి ప్రభుత్వమే మైదానాల నుంచి బెంగాలీ రైతులను లక్షల సంఖ్యలో తెచ్చి కొండల్లో స్థిరపరిచింది. అసలే సాగుభూమి పోయిన చోటుకు భూమి కోసం వచ్చినవాళ్లు వాళ్లు, వాళ్లూ పేదవాళ్లే. కొండ జాతుల సాయుధ పోరాటం, సైనిక చర్యలు, ఊళ్ల దహనం. 1997 డిసెంబరు 2న శాంతి ఒప్పందం కుదిరింది. భూ తగాదాల పరిష్కారం మాత్రం ఇప్పటికీ నానుతూనే ఉంది.

ఈ హింసంతటికీ ఆనకట్టే కారణమని చెప్పడం సరికాదు. దేశ విభజన, భాషా జాతీయత, సైనిక పాలన అన్నీ ఉన్నాయి. కానీ భూమి తగ్గిపోయిన ఆ పునాది మీదే మిగతావన్నీ లేచాయి.

నిర్వాసితులను తీసుకెళ్లి పెట్టిన చోట ఉన్నవాళ్ల పరిస్థితి ఏమిటి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లే తక్కువ. ప్రాజెక్టు నివేదికల్లో పునరావాస స్థలాన్ని "ఖాళీ భూమి" అని రాస్తారు. పూర్తిగా ఖాళీగా ఉన్న భూమి దాదాపుగా ఎక్కడా ఉండదు. పశువులు మేసేదో, కరువు ఏడాది ఆదుకునేదో, పండగనాడు నడిచి వెళ్లేదో అయి ఉంటుంది.

ఈజిప్టులో అస్వాన్ హై డ్యామ్ కట్టినప్పుడు సూడాన్ వైపు వాదీ హల్ఫా ప్రాంతంలోని నూబియన్లను దాదాపు 50,000 మందిని 1960ల్లో వందల కిలోమీటర్ల దూరాన అత్బరా నది దగ్గర ఖష్మ్ అల్ గిర్బాలో పెట్టారు. ఆ చోటు షుక్రియా పశుపోషకుల మేత భూమి. కొత్తవాళ్లకు ఇళ్లు, కాలువ నీళ్లు. పాతవాళ్లకు కంచె. మందలు పొలాల్లో పడటం, గొడవలు, ఫిర్యాదులు ఏళ్ల తరబడి సాగాయి. ఇద్దరూ బాధితులే, కానీ ఒకరికి కనిపించే శత్రువు ఎదుటివాడే. ఆనకట్ట నిర్ణయం చేసినవాళ్లు ఎక్కడో రాజధానిలో ఉన్నారు.

శ్రీలంకలో గల్ ఓయా కథ ఇంకో రకం. 1949లో మొదలైన ఆ ప్రాజెక్టు కింద తూర్పు ప్రాంతంలో కొత్త ఆయకట్టు ఏర్పడింది, అక్కడ ఎక్కువగా సింహళ రైతులను స్థిరపరిచారు. ఆ ప్రాంతపు తమిళులకు ఇది సాగునీటి పథకంగా కాక తమ జనాభా బలాన్ని తగ్గించే పనిగా కనిపించింది. 1956 జూన్‌లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసే చట్టం వచ్చిన సమయంలో గల్ ఓయాలో తమిళుల మీద దాడులు జరిగాయి, చాలామంది చనిపోయారు. కాలువ ఎవరి పొలానికి పోతుందన్నది అక్కడ ఓట్ల లెక్క కూడా అయిపోయింది.

ప్రాజెక్టు వస్తే స్థానికులకు ఉద్యోగాలు వస్తాయి కదా?

వస్తాయి, అయితే ఏవి, ఎంతకాలం అన్నది చూడాలి. నిర్మాణం జోరుగా ఉన్న రెండు మూడేళ్లు మట్టి పని, కాపలా, వంట పని దొరుకుతాయి. వెల్డర్లు, క్రేన్ ఆపరేటర్లు, ఇంజినీర్లు బయటి నుంచే వస్తారు, ఎందుకంటే స్థానికంగా ఆ శిక్షణ ఎవరికీ ముందుగా ఇవ్వలేదు. పైగా కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రి. మేస్త్రి తన ఊరివాళ్లను, తన భాషవాళ్లను తెచ్చుకుంటాడు. అది సహజమే. కానీ గేటు బయట పొద్దున్నే వరుసలో నిలబడ్డ స్థానిక యువకుడికి లోపలికి వెళ్తున్న బస్సులో వినిపించేది వేరే భాష. కట్టడం పూర్తయ్యాక నడపడానికి కావాల్సిన మనుషులు చాలా తక్కువ. భూమి అప్పటికే పోయింది, పరిహారం డబ్బు బండికో ఇంటికో ఖర్చయిపోయింది.

దీనికి మూల్యం చెల్లించేది చాలాసార్లు మరో పేదవాడు. పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో 2015 ఏప్రిల్‌లో తుర్బత్ దగ్గర సాయుధులు నిర్మాణ కూలీల క్యాంపు మీద దాడి చేసి 20 మందిని నిద్రలోనే చంపారు. వాళ్లు పంజాబ్, సింధ్ నుంచి కూలికి వచ్చినవాళ్లు. బలూచ్ ప్రజల ఫిర్యాదుల్లో న్యాయముంది. 1952లో సూయిలో గ్యాస్ దొరికింది, అది దేశమంతా వెళ్లింది, సొంత రాష్ట్రంలో చాలా ఇళ్లకు చేరలేదు. అయినా ఆ కూలీల హత్యకు అది ఏ విధంగానూ సమర్థన కాదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పాల్సిందే.

"బయటివాళ్లు వచ్చి రెచ్చగొడుతున్నారు" అంటుంటారు. నిజమేనా?

కొన్నిసార్లు నిజమే. కోపం లేని చోట మాత్రం ఎవరు రెచ్చగొట్టినా అంటుకోదు. ఈ మాటను అధికారులు మొదటి జవాబుగా వాడితే మాత్రం ఫిర్యాదు వినే ఉద్దేశం లేదని జనం అర్థం చేసుకుంటారు.

ప్రాజెక్టుకు సైన్యం, పోలీసు కాపలా పెడితే పరిస్థితి అదుపులో ఉంటుందా?

సైట్ అదుపులో ఉంటుంది, మనుషుల మనసులు ఉండవు. అసలే తిరుగుబాటు నడుస్తున్న ప్రాంతంలో ప్రాజెక్టు కాపలాకు సైన్యం దిగితే, ప్రాజెక్టు కూడా ఆ యుద్ధంలో ఒక పక్షం అయిపోతుంది.

గ్వాటెమాలాలో చిషోయ్ ఆనకట్ట దీనికి అతి ఘోరమైన ఉదాహరణ. ప్రపంచ బ్యాంకు, ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అప్పులిచ్చిన ప్రాజెక్టు అది. అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో రియో నెగ్రో గ్రామంలోని మాయా ఆచీ ఆదివాసీలు తమ లోయ వదిలి వెళ్లబోమన్నారు. ఖాళీ చేయనన్నవాళ్లకు తిరుగుబాటుదారులన్న ముద్ర పడింది. 1980 నుంచి 1982 దాకా వరుసగా హత్యాకాండలు జరిగాయి. 1982 మార్చి 13న ఒక్కరోజునే 177 మంది మహిళలను, పిల్లలను చంపారు. పక్క ఊళ్ల నుంచి చేర్చుకున్న పౌర దళాలనే ఇందులో వాడారు. అంటే ఒక మాయా గ్రామం చేత ఇంకో మాయా గ్రామాన్ని చంపించారు.

మయన్మార్‌లో మిట్సోన్ ఆనకట్ట అంత దూరం పోలేదు. కచిన్ రాష్ట్రంలో ఐరావతి నది పుట్టే సంగమం దగ్గర 6,000 మెగావాట్ల ప్రాజెక్టు అది. కరెంటులో ఎక్కువ భాగం చైనాకు వెళ్లాలన్నది పథకం. ఆ సంగమం కచిన్లకు పవిత్ర స్థలం, ఐరావతి దేశంలో మెజారిటీ జాతి అయిన బర్మన్లకు ప్రాణం లాంటిది. అందువల్ల అరుదైన సంగతి ఒకటి జరిగింది, రెండు జాతులవాళ్లూ ఒకే ప్రాజెక్టును వ్యతిరేకించారు. 2011 సెప్టెంబరు 30న అధ్యక్షుడు థేన్ సేన్ దాన్ని ఆపేశారు. అదే ఏడాది జూన్‌లో 17 ఏళ్ల కాల్పుల విరమణ తెగి కచిన్ సైన్యంతో పోరు మొదలైంది, అది మరో జలవిద్యుత్ ప్రాజెక్టు దగ్గరే రాజుకుంది.

సోలార్, గాలిమరల లాంటి వాటితో ఈ ఇబ్బంది ఉండదు కదా?

ముంపు ఉండదు. భూమి ప్రశ్న మాత్రం అదే. కెన్యాలో తుర్కానా సరస్సు దగ్గర 365 గాలిమరలతో 310 మెగావాట్ల కేంద్రం పెట్టారు. అందుకోసం తీసుకున్న 1,50,000 ఎకరాల పట్టాలు సక్రమంగా ఇచ్చినవి కావని 2021లో కోర్టు తేల్చింది. అది సంచార పశుపోషకులు తరతరాలుగా ఉమ్మడిగా వాడుకున్న నేల. నార్వే లాంటి ధనిక దేశంలోనూ ఇదే జరిగింది. ఫోసెన్‌లోని గాలిమరల అనుమతులు అక్కడి ఆదివాసీలైన సామీ ప్రజల రెయిన్‌డీర్ (మంచు ప్రాంతపు జింక) పెంపకం హక్కును భంగపరిచాయని 2021 అక్టోబరు 11న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. అప్పటికే మరలు తిరుగుతున్నాయి. తీర్పు వచ్చి 500 రోజులైనా మార్పు లేదని సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖల తలుపుల దగ్గర బైఠాయించారు. పర్యావరణానికి మంచిదన్న పేరు ఉన్నంత మాత్రాన అడగకుండా కట్టే హక్కు రాదు.

స్థానికుల సమ్మతి అంటే ఏమిటి? సభ పెడితే చాలదా?

చాలదు. 1989 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒప్పందం, 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన చెప్పేదాని సారం ఇది: బలవంతం లేకుండా, ముందుగానే, అన్ని విషయాలూ తెలిశాక ఇచ్చేదే సమ్మతి. ప్రకటన ఎన్ని దేశాలు ఒప్పుకున్నా అమలు ఆ దేశపు చట్టం మీదే ఆధారపడి ఉంటుంది.

జరిగేది చూడండి. సభ తేదీ ముందురోజు చెబుతారు. నివేదిక వందల పేజీలు, ఆ ఊరి భాషలో ఉండదు. వేదిక మీద అధికారులు, కంపెనీవాళ్లు, చుట్టూ పోలీసులు. హాజరు పట్టీలో సంతకాలు తీసుకుంటారు, తర్వాత అవే సమ్మతి సంతకాలుగా లెక్కలోకి వస్తాయి. రెండు జాతులున్న చోట సభ పెద్ద జాతి భాషలోనే నడుస్తుంది. చిన్న జాతివాళ్లు వెనక వరుసలో కూర్చుని, ఏం జరిగిందో అర్థం కాకుండానే ఇంటికి వెళ్తారు. మహిళల మాట అసలు రికార్డుకే ఎక్కదు. కనీసం ఒక్కో సమూహంతో విడిగా, వాళ్ల భాషలో, వాళ్లకు వీలైన కాలంలో కూర్చోవాలి. "వద్దు" అన్న జవాబుకు కూడా చోటుండాలి.

లాభంలో వాటా ఇస్తే సరిపోతుందా?

కాగితం మీద బాగుంటుంది. చాద్, కామెరూన్‌ల మధ్య 1,000 కిలోమీటర్లకు పైగా నడిచే చమురు పైపులైన్‌కు ప్రపంచ బ్యాంకు మద్దతు ఇచ్చినప్పుడు ఆదాయంలో 5 శాతం చమురు తీసే ప్రాంతానికి, 10 శాతం భావితరాల నిధికి అని 1999లో చాద్ చట్టం చేసింది. 2003లో చమురు పారింది. కొన్నేళ్లకే ప్రభుత్వం చట్టం మార్చి భావితరాల నిధిని ఎత్తేసింది. 2008లో ప్రపంచ బ్యాంకు తప్పుకుంది. రాజధానిలో ఒక్క ఓటింగుతో మార్చగలిగిన వాటా మీద జనం నమ్మకం పెట్టుకోలేరు.

బాగా జరిగిన చోటంటూ ఏదైనా ఉందా?

పూర్తిగా బాగా జరిగినదాన్ని చూపించలేను. గొడవ నుంచి ఒప్పందం దాకా వచ్చిన చోట్లున్నాయి. కెనడాలోని క్యూబెక్‌లో 1971లో జేమ్స్ బే జలవిద్యుత్ పథకాన్ని అక్కడి ఆదివాసీలైన క్రీ ప్రజలను అడగకుండానే ప్రకటించారు. వాళ్లు కోర్టుకెళ్లారు, 1975లో ఒప్పందం కుదిరింది. వేట, చేపల హక్కులు, విద్య, ఆరోగ్యం మీద వాళ్లకు అధికారం వచ్చింది. తర్వాతి దశ గ్రేట్ వేల్ ప్రాజెక్టు వాళ్ల పోరాటం వల్ల 1994లో పక్కకు పోయింది. 2002లో కుదిరిన మరో ఒప్పందంతో 50 ఏళ్ల పాటు ఆదాయంలో భాగం, నిర్ణయాల్లో చోటు దక్కాయి. నదులు మారిపోయాయి, చేపల్లో పాదరసం సమస్య వచ్చింది, ఆ నష్టాలున్నాయి. నార్వేలో అల్టా ఆనకట్టను సామీలు ఆపలేకపోయారు, కానీ ఆ ఉద్యమం వల్లే 1989లో సామీ పార్లమెంటు ఏర్పడింది.

రెండు చోట్లా ఆ ప్రజలు కోర్టుకు వెళ్లగలిగారు, పత్రికలు రాయగలిగాయి, నిరసన తెలిపితే కాల్చలేదు. ఒప్పందం కంటే ముందు ఉండాల్సింది అది.

ప్రాజెక్టు ఇప్పటికే మొదలైపోయింది. ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. ముందుగా నిర్వాసితుల జాబితా, భూసేకరణ ప్రకటన, పర్యావరణ నివేదిక నకళ్లు సంపాదించాలి. ఇల్లు, చెట్లు, బావి, సమాధుల ఫొటోలు తేదీతో తీసి పెట్టుకోవాలి. ఉమ్మడి భూమి వాడకాన్ని ఊరంతా కూర్చుని పటం గీసి రాసుకోవాలి, ఏ నెలలో ఎవరి మంద ఎక్కడ మేస్తుందో సహా.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలి. ప్రపంచ బ్యాంకు డబ్బయితే 1993 నుంచి తనిఖీ ప్యానెల్ ఉంది. నర్మద మీది సర్దార్ సరోవర్ నిర్వాసితుల పోరాటం, ఆ ప్రాజెక్టు మీద బ్యాంకే వేయించిన మోర్స్ కమిటీ 1992లో ఇచ్చిన నివేదిక తర్వాత ఏర్పడిందది. బాధితులే నేరుగా ఫిర్యాదు చేయొచ్చు. అభివృద్ధి బ్యాంకులు చాలావాటికి ఇలాంటి ఏర్పాట్లున్నాయి. టర్కీలో కుర్దుల ప్రాంతంలోని ఇలిసు ఆనకట్టకు ఇచ్చిన అప్పు హామీల నుంచి 2009లో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ తప్పుకున్నాయి. టర్కీ సొంత డబ్బుతో పూర్తి చేసింది, హసన్‌కేఫ్ అనే ప్రాచీన పట్టణం 2020 నాటికి మునిగిపోయింది. అంటే ఈ దారి ప్రతిసారీ గెలిపించదు. కోర్టు దారి కొన్నిసార్లు పనిచేస్తుంది. కెన్యాలోని లాము ఓడరేవు వల్ల నష్టపోయిన దాదాపు 4,600 మంది మత్స్యకారులకు పరిహారం ఇవ్వాలని 2018లో హైకోర్టు చెప్పింది. చిషోయ్ బాధితులకైతే పరిహార ఒప్పందం 2014లో కుదిరింది, హత్యాకాండ జరిగిన 32 ఏళ్లకు.

అన్నిటికంటే ముఖ్యంగా, పక్క సమూహంతో కలిసి ఒకే జాబితా తయారు చేయండి. విడివిడిగా వెళ్తే అధికారులు ఒకరికి ఒక ప్యాకేజీ, ఇంకొకరికి ఇంకో ప్యాకేజీ ఇచ్చి పంపుతారు, తేడా బయటపడ్డాక మీలో మీరే కొట్టుకుంటారు. కలిసి రాసిన జాబితాలో పట్టా ఉన్నవాళ్లు, లేనివాళ్లు, కౌలుదార్లు, కాపరులు, పునరావాస కాలనీ వచ్చే ఊరివాళ్లు అందరి పేర్లూ ఉండాలి. ప్రతి పేరు పక్కన ఏం పోతుందో, ఏం అడుగుతున్నారో రాయండి. రెండు భాషల్లో చదివి వినిపించాక సంతకాలు పెట్టించి, ఒక్కో నకలు ఒక్కో సమూహం దగ్గర ఉంచండి.